ఇరవై మంది కూడా లేని సభ

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. భోజనాల వేళ దగ్గర పడుతోంది కాబట్టి గడువు దాటనని ముందే హామీ ఇస్తున్నాను. ముప్ఫై నాలుగేళ్లు ఇతరుల లెక్కలు తనిఖీ చేసినవాణ్ణి, నా లెక్క నేను తప్పను.

ఈరోజు ఎజెండాలో ఐదో అంశం మీ అందరికీ తెలుసు. ప్రతి నెలా రెండో ఆదివారం జరిగే మన సమావేశాన్ని ఏడాదికి రెండుసార్లకు తగ్గించాలనీ, వార్తాలేఖ అచ్చు వేయడం ఆపి విశేషాలు ఫోన్లలో పంపితే చాలుననీ ప్రతిపాదన. కారణాలు సబబైనవే. పోయిన నెల సమావేశానికి వచ్చినవారు పదిహేడు మంది. హాలు అద్దె పెరిగింది, తపాలా ఖర్చు పెరిగింది. కార్యవర్గంలో ఈ ప్రతిపాదనకు మొదట చెయ్యి ఎత్తిన వాణ్ణి నేనే. ఆ సంగతి దాచి మాట్లాడడం న్యాయం కాదు కనుక ముందే చెబుతున్నాను. తరువాత నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెప్పాలంటే ముందుగా మీకు ఒక చిన్న సంఘం కథ చెప్పాలి. అది మన ఊరిది కాదు, మన దేశానిదీ కాదు. ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్లో, సైన్స్ ఫిక్షన్ కథలంటే ఇష్టపడే కొందరు కుర్రవాళ్లు పెట్టుకున్న సంఘం. పెన్షనర్ల సభలో రాకెట్ల కథలేమిటని నవ్వుకోకండి. ఈ కథలో ఒక పెన్షన్ గుమాస్తా కూడా ఉన్నాడు.

సైన్స్ ఫిక్షన్ అంటే మనవాళ్లు వైజ్ఞానిక కల్పన అంటున్నారు. చంద్రుడి మీదకు వెళ్లడం, వేరే గ్రహాల మీద మనుషులుండడం, కాలంలో వెనక్కీ ముందుకీ ప్రయాణించడం, ఇలాంటి కథలన్నమాట. వీటికోసమే ప్రత్యేకంగా ఒక పత్రికను 1926లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ అనే ఆయన మొదలుపెట్టాడు. పేరు అమేజింగ్ స్టోరీస్. చవక కాగితం, కొట్టొచ్చినట్టుండే రంగుల అట్ట. ఇలాంటి పత్రికల్లో అక్కడ అమ్ముడుపోనివి ఓడల్లో ఇంగ్లండు చేరేవి. వూల్‌వర్త్ దుకాణాల్లో కుప్పగా పోసి మూడు పెన్నీలకొకటి అమ్మేవారు. ఏ నెల సంచిక దొరుకుతుందో, దొరికిన సీరియల్‌లో తరువాయి భాగం ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేని పరిస్థితి. మన చిన్నప్పుడు బజారులో పాత పుస్తకాల కుప్ప ముందు గొంతుక్కూర్చుని వెతికినవారికి ఆ ఆనందం వేరే చెప్పనక్కరలేదు.

ఆ పత్రికలు చదివే కుర్రవాడికి ఒక చిక్కుండేది. ఇంట్లో చెబితే చివాట్లు, బడిలో చెబితే ఎగతాళి. చంద్రమండలానికి వెళ్లడం గురించి మాట్లాడేవాణ్ణి 1930లలో ఎవరూ తెలివైనవాడని అనుకోలేదు. ఊరికి ఒకడో ఇద్దరో ఉండేవారు, వారు ఒకరికొకరు తెలియరు. ఆ చిక్కు తీర్చింది కూడా పత్రికే. పాఠకుల ఉత్తరాల పేజీలో రాసినవారి పేరుతోపాటు చిరునామా కూడా అచ్చు వేసేవారు. ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరు పాఠకులు అమెరికాలో అచ్చయిన పత్రిక చూసి ఒకరి సంగతి ఒకరు తెలుసుకొనే వీలుండేది. 1934లో గెర్న్స్‌బాక్ తన మరో పత్రిక ద్వారా సైన్స్ ఫిక్షన్ లీగ్ అని ఒకటి ప్రకటించాడు. ఎక్కడైనా కొందరు చేరితే ఆ ఊళ్లో ఒక శాఖ పెట్టుకోవచ్చు. ఆ పిలుపుతోనే 1935లో లీడ్స్‌లో శాఖ ఏర్పడింది. నునీటన్ అనే ఇంకో చిన్న ఊళ్లో కూడా మరొకటి వచ్చింది. నునీటన్ వాళ్లు 1936 మార్చిలో నోవే టెర్రే అనే పేరుతో ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు. కొత్త లోకాలు అని అర్థం. అది వాళ్లే టైపు చేసి, వాళ్లే డూప్లికేటరు మీద తీసిన పత్రిక. స్టెన్సిల్ కట్ చేయడం, తప్పు పడితే ఎర్ర ద్రవం పూసి ఊదడం, సైక్లోస్టైల్ మిషను తిప్పి తిప్పి చొక్కాకు సిరా అంటించుకోవడం, ఈ విద్యలన్నీ మనకు వచ్చినవే కదా!

ఇక సభ సంగతి. 1937 జనవరి 3, ఆదివారం. లీడ్స్ శాఖవారు ముందుగా ప్రకటించి, క్వీన్ స్క్వేర్‌లోని దివ్యజ్ఞాన సమాజం వారి హాలులో, దేశంలోని తమలాంటి వారందరూ రావచ్చని పిలిచారు. దేశమంతటికీ వెళ్లిన పిలుపుకు వచ్చింది ఎంతమంది? ఇరవై మంది కూడా లేరు. చలికాలం, రైలు ఖర్చు, చాలామంది చేతిలో డబ్బులేని కుర్రవాళ్లు. లండన్ నుంచి కొందరు, లివర్‌పూల్ నుంచి కొందరు, నునీటన్ నుంచి కొందరు. వచ్చినవాళ్లు మాట్లాడుకొని, ఇకమీద అమెరికా పత్రిక దయమీద ఆధారపడకుండా తమకే ఒక దేశవ్యాప్త సంఘం ఉండాలని తీర్మానించారు. దానికి సైన్స్ ఫిక్షన్ అసోసియేషన్ అని పేరు పెట్టి, కార్యస్థానం లీడ్స్‌లోనే ఉంచారు. సభ ముగిసింది, రైలెక్కి ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లారు.

మన హాజరు పట్టిక ప్రకారం చూస్తే అది విఫలమైన సభ. కానీ ప్రపంచంలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మొదటి మహాసభ అని చరిత్ర రాసేవారు సాధారణంగా చెప్పేది దాన్నే. 1936 అక్టోబరులో న్యూయార్క్ నుంచి కొందరు ఫిలడెల్ఫియా వెళ్లి అక్కడివారిని కలిసిన రోజే మొదటిదని అమెరికాలో వాదించేవారు ఉన్నారు. అయితే ముందుగా ప్రకటించి, హాలు తీసుకొని జరిపినది మాత్రం లీడ్స్ సభే. 1939లో న్యూయార్క్‌లో ప్రపంచ మహాసభ జరిగింది. సుమారు రెండు వందల మంది వచ్చారు. 1942 నుంచి 1945 వరకు యుద్ధం వల్ల ఆగినా, ఆ మహాసభల వరుస తరువాత కొనసాగింది. ఇప్పుడు వేలమంది వస్తారు.

ఆ రోజు లండన్ నుంచి వెళ్లినవారిలో పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఒకడున్నాడు. పేరు ఆర్థర్ క్లార్క్. అవును, తరువాత 2001: ఎ స్పేస్ ఒడిస్సీ రాసిన ఆర్థర్ సి. క్లార్కే. అప్పుడు ఆయన ఉద్యోగం ఏమిటో తెలుసా? ప్రభుత్వ ఆడిట్ శాఖలో చిన్న ఉద్యోగి. చేసే పని ఉపాధ్యాయుల పెన్షన్ల తనిఖీ. మిత్రులారా, ఆయన జ్ఞాపకాల పుస్తకంలో ఈ సంగతి చదివినప్పుడు నాకు కుర్చీలోంచి లేచి నిలబడాలనిపించింది. మనం అర్హతగల సర్వీసు లెక్కగట్టి కింద సంతకం పెట్టినట్టే ఆయనా పెట్టాడు. లెక్కలు స్లైడ్ రూలు మీద చకచకా ముగించి, మిగిలిన సమయం తన ఇష్టమైన పనులకు వాడుకున్నానని సరదాగా చెప్పుకున్నాడు. మన సెక్షన్‌లో అలాంటివాడుంటే మనం మెమో ఇచ్చేవాళ్లం!

1938లో క్లార్క్, తనలాంటి మరో రచయిత విలియం టెంపుల్‌తో కలిసి లండన్‌లో గ్రేస్ ఇన్ రోడ్డులో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాడు. నునీటన్ పత్రిక సంపాదకుడు మారిస్ హాన్సన్ కూడా అక్కడికే చేరాడు. సంఘం కార్యస్థానం లండన్‌కు మారాక ఆ వాటాయే దానికి ఆఫీసయింది. అక్కడ కూడినవారిలో కొందరు బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీలోనూ సభ్యులు. అది 1933లో లివర్‌పూల్‌లో పుట్టిన సంస్థ, గ్రహాల మధ్య ప్రయాణం దాని ఆశయం. అయితే ఇంగ్లండులో 1875 నాటి పేలుడు పదార్థాల చట్టం అడ్డుపడి, వాళ్లు ఒక్క రాకెట్టు కూడా వదలడానికి లేకపోయింది. అందుకని కాగితం మీదే పని చేశారు. ముగ్గురు మనుషులు చంద్రుడి మీదకు వెళ్లి తిరిగి రావడానికి ఎలాంటి ఓడ కావాలో లెక్కలు వేసి 1939లో ప్రకటించారు. 1969లో అపోలో 11 చంద్రుడి మీద దిగినప్పుడు అందులో వెళ్లిందీ ముగ్గురే. ఆ రోజు అమెరికా టెలివిజన్‌లో వ్యాఖ్యానం చెప్పినవారిలో క్లార్క్ ఒకడు.

ఇంతవరకు విని, అందరూ గొప్పవాళ్లే అయ్యారు, మనకేం పోలిక అనుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఎక్కువమంది గొప్పవాళ్లు కాలేదు. గుమాస్తాలుగా, మేష్టర్లుగా, దుకాణదారులుగా బతికారు. ఇంకో నిజం కూడా చెప్పాలి. లీడ్స్‌లో అంత ఉత్సాహంగా పెట్టుకున్న ఆ అసోసియేషన్ మూడేళ్లు కూడా బతకలేదు. 1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. కుర్రవాళ్లంతా సైన్యంలోకో, నావికాదళంలోకో, ఫ్యాక్టరీల్లోకో చెదిరిపోయారు. సంఘం మూతపడింది. ఈ కథలో నన్ను బాగా పట్టుకున్న భాగం ఇక్కడే మొదలవుతుంది.

లీడ్స్ బృందంలో మైఖేల్ రోజెన్‌బ్లమ్ అని ఒకడున్నాడు. ఆయుధం పట్టడం తన మనస్సాక్షికి ఒప్పదని చెప్పినవాడు. కాబట్టి సైన్యంలో కాకుండా పొలం పనుల్లో ఉన్నాడు. అతను 1940 అక్టోబరు నుంచి ఒక చిన్న డూప్లికేటరు పత్రిక మొదలుపెట్టాడు. పేరు ఫ్యూచురియన్ వార్ డైజెస్ట్. అందులో ఏముండేది? ఎవరు ఏ దళంలో ఉన్నారు, ఎవరి చిరునామా మారింది, ఎవరికి సెలవు దొరికింది, ఎవరు ఏ పుస్తకం చదివారు. అమెరికా పత్రికల దిగుమతి ఆగిపోయింది. కాగితం దొరకదు. దొరికిన కాగితం దొరికినట్టే వాడాడు. అందుకే ఆ సంచికల్లో ఒక పేజీ ఒక రంగు, మరో పేజీ మరో కొలత. వేరే ఊళ్లలో ఎవరైనా నాలుగు పేజీలు తీసి పంపితే వాటినీ తన కవరులోనే పెట్టి పంపేవాడు. ఊళ్ల మీద బాంబులు పడుతున్న రోజుల్లో, పగలంతా పొలంలో పనిచేసే మనిషి, 1945 దాకా దాదాపు నలభై సంచికలు తీశాడు.

ఆ పని అతను చేయకపోతే ఏమయ్యేది? పెద్దగా ఏమీ అయ్యేది కాదు అనిపించవచ్చు. యుద్ధం ఆగేదీ కాదు, పెరిగేదీ కాదు. కానీ యుద్ధం ముగిసేసరికి ఇంగ్లండులోని ఆ కొద్దిమందికి ఒకరి చిరునామా ఒకరి దగ్గర ఉంది. సంఘం పోయింది, సభ్యులు మిగిలారు. రిజిస్టరు చేసిన సంఘానికి కార్యవర్గం, ముద్ర, బ్యాంకు ఖాతా ఉంటాయి. అవన్నీ పోయినా చిరునామాల పుస్తకం ఒక్కటి ఉంటే మళ్లీ లేస్తుంది. చిరునామాల పుస్తకం పోతే ఖాతాలో ఎంత డబ్బున్నా లేవదు.

లేచింది కూడా. యుద్ధం తరువాత వాళ్లు లండన్‌లో వైట్ హార్స్ అనే పబ్బులో ప్రతి గురువారం సాయంత్రం కలుసుకోవడం మొదలుపెట్టారు. పబ్బు అంటే కంగారు పడకండి, వాళ్లకది మన కాఫీ హోటల్ లాంటిది. సభ్యత్వ రుసుము లేదు, ఎజెండా లేదు. గురువారం అని మాత్రం అందరికీ తెలుసు. ఎవరికి వీలైతే వారు వస్తారు. ఊరు కానివాడు లండన్ వస్తే గురువారం దాకా ఆగి వెళతాడు. 1953 చివర్లో ఆ పబ్బు నడిపే ఆయన గ్లోబ్ అనే మరో పబ్బుకు మారితే, వీళ్లంతా ఆయన వెంటే అక్కడికి మారారు. చోటు మారింది గాని వారం మారలేదు.

నునీటన్ కుర్రాళ్ల ఆ చిన్న పత్రిక సంగతి కూడా చెప్పి ముగిస్తాను. లీడ్స్ సభకు వచ్చిన జాన్ కార్నెల్ దాన్ని 1939లో తీసుకొని న్యూ వరల్డ్స్ అని పేరు మార్చాడు. యుద్ధం దాన్ని ఆపింది. 1946లో ఒక ప్రచురణకర్తను పట్టుకొని నిజమైన అచ్చు పత్రికగా తెచ్చాడు. మూడు సంచికలకే ప్రచురణకర్త దివాలా తీశాడు. అప్పుడు గురువారం మిత్రులే తలా కొంత వేసుకొని సొంతంగా కంపెనీ పెట్టి, 1949లో నాలుగో సంచిక తెచ్చారు. తరువాత రోజుల్లో డే ఆఫ్ ది ట్రిఫిడ్స్ నవలతో పేరు పొందిన జాన్ విండమ్ ఆ కంపెనీకి అధ్యక్షుడు. అలా నిలిచిన పత్రికలోనే బ్రయన్ ఆల్డిస్, జె. జి. బల్లార్డ్ వంటి రచయితలు పెరిగారు. డూప్లికేటరు మీద మొదలైన పత్రిక అది.

ఇప్పుడు ఈ కథకు మన దేశంతో ఉన్న సంబంధం. క్లార్క్ యుద్ధంలో వైమానిక దళంలో రాడార్ పని చేశాడు. 1945 అక్టోబరులో వైర్‌లెస్ వరల్డ్ అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, భూమధ్యరేఖ మీద తిరిగే ఉపగ్రహం కింద నుంచి చూస్తే కదలకుండా ఒకేచోట ఉన్నట్టుంటుందనీ, అలాంటివి మూడుంటే దాదాపు ప్రపంచమంతటికీ ప్రసారాలు పంపవచ్చనీ అందులో వివరించాడు. ఉపగ్రహాలు తయారుచేసిందీ, ప్రయోగించిందీ వేరే ఇంజనీర్లు. ఆ ఘనత వాళ్లది. అయినా ఆ ఊహను అంత స్పష్టంగా ముందే కాగితం మీద పెట్టినవాడు ఆయన.

ముప్ఫై ఏళ్లు తిరక్కుండానే, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో 2,400 గ్రామాలకు టెలివిజన్ చూపించారు. సైట్ ప్రయోగం అన్నారు. ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీవీ సెట్లు మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్.లోనే తయారయ్యాయి. నేను సర్వీసులో చేరి అప్పటికి మూడేళ్లు కాలేదు. ఆడిట్ పార్టీతో ఒక సమితి ఆఫీసు లెక్కలకు వెళ్లి, ఒక సాయంత్రం అక్కడికి దగ్గరి పల్లెలో ఆగాం. బడి పక్కన కోళ్లగూళ్లకు వాడే వైరు మెష్‌తో చేసిన పెద్ద గొడుగు ఆకాశం వైపు తిప్పి ఉంది. వరండాలో టీవీ. ఊరంతా నేలమీద కూర్చుని చూస్తున్నారు. వెనక నిలబడి నేనూ కొంతసేపు చూశాను. ఆ రాత్రి నా డైరీలో రాసుకున్నది మాత్రం టి.ఏ. బిల్లు లెక్క. అక్కడ నేను చూసినదాని వెనక ఎక్కడో దూరంగా ఒక పెన్షన్ గుమాస్తా, మూడు పెన్నీల పత్రికలు, ఇరవై మంది లేని సభ ఉన్నాయని అప్పుడు నాకేం తెలుసు?

క్లార్క్ అప్పటికే శ్రీలంకలో స్థిరపడ్డాడు. మన ఇస్రో ఇంజనీర్లు 1975లో కొలంబోలోని ఆయన ఇంటికి వెళ్లి, ఆ ప్రసారాలు చూడడానికి ఒక డిష్ అమర్చి వచ్చారు. శ్రీలంకలో సొంత టీవీ ప్రసారాలు మొదలైంది 1979లో. 2008లో ఆయన కొలంబోలోనే మరణించాడు.

మిత్రులారా, నా సమయం అయిపోవచ్చింది. మనలో ఎవరూ చంద్రుడి మీదకు వెళ్లబోవడం లేదు. మోకాళ్లు మేడమెట్లకే ఒప్పుకోవడం లేదు. అయినా ఈ కథ మీకెందుకు చెప్పానంటే, నా అభిప్రాయం మార్చిన మరో సంఘటన ఉంది.

రెండేళ్ల క్రితం మన సభ్యుడొకరు కాలం చేశారు. పేరు చెప్పను, చాలామందికి తెలుసు. మేమిద్దరం పదకొండేళ్లు ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. దినాలకు వెళ్లాను, ఆ తరువాత వెళ్లలేదు. ఆయన భార్యకు మొదటి కొన్నేళ్లు ఎక్కువ రేటున రావలసిన కుటుంబ పెన్షనును మొదటి నెల నుంచే తక్కువ రేటున లెక్కగట్టారు. ఎనిమిది నెలలు అలాగే తీసుకొన్నారామె. ఒక రెండో ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఈ హాలు గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన మన వార్తాలేఖ. కుటుంబ పెన్షను మీద అందులో వచ్చిన పేజీ ఆవిడ చదివారు. “అన్నయ్యగారూ, ఇందులో రాసింది నాకు వర్తిస్తుందాండీ?” అని అడిగారు. ఆవిడకు స్మార్ట్ ఫోను లేదు. ఆ రోజు హాలులో మేమున్నది పదకొండు మందిమి. పెన్షన్ సెక్షన్‌లో జీవితం గడిపినవాణ్ణి, నా స్నేహితుడి ఇంట్లో జరిగిన పొరపాటు నాకు తెలియలేదు. తెలిసింది ఆ కాగితం వల్ల, ఆ ఆదివారం వల్ల. దరఖాస్తు రాసి ఇచ్చాం. నాలుగు నెలలకు బకాయిలతో సహా వచ్చింది.

ఆ ఆదివారం హాలుకు తాళం వేసి ఉంటే ఆవిడ ఎక్కడికి వెళ్లేవారు? ఆరునెలల తరువాత వచ్చే సమావేశం దాకా ఆగేవారా? ఇది తెలిసి కూడా మొన్న కార్యవర్గంలో చెయ్యి ఎత్తాను. పదిహేడు అన్న అంకె ఒక్కటే చూశాను. ఆడిట్‌లో అంకె చూసి వోచరు చూడనివాడి తప్పు అది.

కనుక నా విన్నపాలు మూడు. మొదటిది, రెండో ఆదివారం మార్చవద్దు. హాలు అద్దె భారమైతే ఎవరి ఇంటి వరండాలోనైనా కూర్చుందాం, రోజు మాత్రం అదే ఉండాలి. రెండోది, వార్తాలేఖ నాలుగు పేజీలకు తగ్గినా సరే, జిరాక్సు కాపీలైనా సరే, పోస్టులో వెళ్లాలి. ఫోన్లలోనూ పంపుదాం, ఫోను లేనివారిని మాత్రం వదలవద్దు. మూడోది, చిరునామాల పుస్తకం ఏటా సరిచూడాలి. పోయినవారి పేరు కొట్టేసేటప్పుడు ఆ ఇంట్లో మిగిలినవారి పేరు దాని పక్కన రాయాలి. ఈ మూడో పని నేను చేస్తాను. కార్యదర్శిగారు రిజిస్టరు ఇప్పిస్తే రేపే మొదలుపెడతాను.

ఐదో అంశం ఓటుకు వచ్చినప్పుడు మీకు తోచినట్టు చేయండి. నా చెయ్యి మాత్రం ఈసారి లేవదు. సభ ఏమి తీర్మానించినా, వచ్చే నెల రెండో ఆదివారం మూడు గంటలకు నేను ఇక్కడ ఉంటాను. హాలుకు తాళం వేసి ఉంటే మెట్ల మీద కూర్చుంటాను. వచ్చినవారు వస్తారు.